తిన్నింటి వాసాలు లెక్కపెట్టే హాస్యగాడు

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం మన పెద్దలు మెచ్చిన పని కాదు. ఎవరింటికో భోజనానికి పోయి, విస్తరి ముందు కూర్చుని, పైకి చూసి, "అయ్యా, మీ మూడో వాసానికి చెద పట్టింది, దూలం కూడా కాస్త ఒరిగినట్టుంది" అనే అతిథిని ఎవరైనా రెండోసారి పిలుస్తారా? అటువంటి పనినే ఉద్యోగంగా పెట్టుకుని, ఇంటివాళ్ళను కడుపుబ్బ నవ్వించి, చివరకు ఆ ఇంటి మనిషే అయిపోయిన ఒక ఇంగ్లీషువాడి సంగతి చెబుతాను. పేరు జాన్ ఒలివర్. అమెరికా టెలివిజన్‌లో ఆదివారం రాత్రుళ్ళు ఒక బల్ల వెనక కూర్చుని, కళ్ళజోడు సవరించుకుంటూ, ఊపిరి తిప్పుకోకుండా అరగంట మాట్లాడి పేరు తెచ్చుకున్నాడు.

ఇంగ్లీషువాడు అమెరికాలో హాస్యం చెప్పుకోవడంలో వింతేముంది, ఇద్దరిదీ ఒకే భాష కదా అని మీరు అడగవచ్చు. వింత భాషలో లేదు, కాగితాలలో ఉంది. పరాయి దేశంలో బతికేవాడు ఆ దేశపు పెద్దలను వెక్కిరించాలంటే, ఒక చేత్తో వీసా కాగితం పట్టుకుని రెండో చేత్తో వేలు చూపించాలి. ఆ వీసా ఇచ్చేది కూడా ఆ పెద్దలే.

దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. చార్లీ చాప్లిన్ 1910లో ఫ్రెడ్ కార్నో బృందంతో అమెరికా ఓడ ఎక్కాడు. తరవాత లారెల్, హార్డీ జంటలో బక్కవాడిగా మన పిల్లలను కూడా నవ్వించిన స్టాన్ లారెల్ అదే బృందంలో ఉన్నాడు. చాప్లిన్ సుమారు నలభై ఏళ్ళు అమెరికాలో ఉండి, లోకాన్నంతా నవ్వించి, అక్కడి పౌరసత్వం మాత్రం పుచ్చుకోలేదు. 1952 సెప్టెంబరులో "లైమ్‌లైట్" చిత్రం ప్రదర్శనకని లండనుకు బయలుదేరాడు. ఓడ ఇంకా సముద్రం మీద ఉండగానే, ఆయన తిరిగి రావడానికి ఇచ్చిన అనుమతిని అమెరికా ప్రభుత్వం రద్దు చేసింది. రాదలిస్తే రాజకీయాల గురించీ, నడవడి గురించీ సంజాయిషీ చెప్పుకోవాలన్నారు. చాప్లిన్ ఆ పని చేయక స్విట్జర్లాండులో స్థిరపడ్డాడు. ఇరవై ఏళ్ళ తరవాత, 1972లో, గౌరవ ఆస్కారు అందుకోవడానికి పిలిస్తే వెళ్ళాడు. అప్పుడు సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కొట్టదూ మరి!

చాప్లిన్ తరవాత కూడా బ్రిటన్ నుంచి హాస్యగాళ్ళు అమెరికా వెళుతూనే ఉన్నారు. ట్రేసీ ఉల్మన్ 1987లో ఫాక్స్ టెలివిజన్‌లో నడిపిన కార్యక్రమంలోనే "సింప్సన్స్" బొమ్మల కుటుంబం మొదట తెర మీదికి వచ్చింది. స్కాట్లండువాడు క్రెయిగ్ ఫెర్గూసన్ అర్ధరాత్రి కబుర్లతో పేరు తెచ్చుకుని 2008లో అమెరికా పౌరుడయ్యాడు. అయితే ఇంటి కప్పు కేసి వేలు చూపించడమే వృత్తిగా పెట్టుకున్నవాడు ఒలివరే.

ఒలివర్ 1977 ఏప్రిల్ 23న బర్మింగ్‌హాంలో పుట్టాడు. తండ్రి బడిలో హెడ్మాస్టరు, సంఘసేవకుడు. తల్లి సంగీతం పంతులమ్మ. ఇద్దరిదీ లివర్‌పూల్. పెరిగింది బెడ్‌ఫర్డులో. ఎనిమిదేళ్ళప్పుడే బి.బి.సి. వారు తీసిన డికెన్స్ "బ్లీక్ హౌస్" నవలలో చిన్న వేషం వేశాడు. కేంబ్రిడ్జిలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతూ "ఫుట్‌లైట్స్" అనే విద్యార్థుల నాటక సంఘానికి ఉపాధ్యక్షుడయ్యాడు. ఆ తరవాత మామూలు కథే. ఎడిన్‌బరో ఉత్సవాలలో వేదికలెక్కడం, మిత్రుడు ఆండీ జాల్ట్స్‌మన్‌తో కలిసి రాజకీయ హాస్యం చెప్పడం, అప్పుడప్పుడూ బి.బి.సి.లో కనిపించడం. పొట్ట గడిచింది, పేరు రాలేదు.

2006లో న్యూయార్కు నుంచి పిలుపు వచ్చింది. కామెడీ సెంట్రల్ అనే టెలివిజన్ సంస్థలో జాన్ స్టూవర్టు "డైలీ షో" నడిపేవాడు. వార్తల చదువరి వేషంలో వార్తలనే వెక్కిరించే కార్యక్రమమది. ఆయనకు ఒలివర్ పేరు చెప్పింది బ్రిటిష్ నటుడు రికీ జెర్వేస్ అంటారు. అప్పటికి వారిద్దరికీ ముఖపరిచయం కూడా లేదట! ఒలివర్ అమెరికా గడ్డ మీద మొదటిసారి కాలు పెట్టింది ఆ ఉద్యోగం పరీక్షకే. ఉద్యోగం దొరికింది. ఒక ఆదివారం వచ్చి దిగితే, సోమవారం నాడే తెర మీద నిలబెట్టారు.

పదవి పేరు "సీనియర్ బ్రిటిష్ విలేఖరి". ఆ హోదాలోనే సగం హాస్యం ఉంది. తన యాస గురించి అతడు తరచు చెప్పుకునే మాట ఒకటుంది. స్వదేశంలో అది బర్మింగ్‌హాం, లివర్‌పూల్, బెడ్‌ఫర్డు కలిసిన కలగాపులగం యాస, ఎవరూ గొప్పగా చూడరు. అమెరికావాళ్ళకు మాత్రం రాజప్రాసాదం నుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. తన మొహాన్ని పక్షి మొహమని తానే ఎగతాళి చేసుకుంటాడు. 2019లో వచ్చిన "లయన్ కింగ్" చిత్రంలో జాజూ అనే పక్షికి గొంతు ఇచ్చింది కూడా ఇతడే. ఎదుటివాణ్ణి వెక్కిరించే ముందు తనను తాను వెక్కిరించుకోవడం మన తోలుబొమ్మలాటలో కేతిగాడి పద్ధతి. రాజునైనా రావణుణ్ణయినా కేతిగాడు ఒక మాట అనగలడు, ఎందుకంటే తన పరువు ముందే తీసేసుకుని ఉన్నాడు.

ఉద్యోగం దొరికింది గాని కాలి కింద నేల గట్టిది కాదు. అతడున్నది తాత్కాలిక వీసా మీద. 2007 నవంబరులో అమెరికా టెలివిజన్, సినిమా రచయితలు సమ్మె కట్టారు. ఒలివర్ కూడా కార్యక్రమం రచయితలలో ఒకడు, సంఘంలో సభ్యుడు. వీధిలో అట్ట పట్టుకుని తోటివారితో నిలబడ్డాడు. 2008 జనవరిలో స్టూవర్టు రచయితలు లేకుండానే కార్యక్రమం మళ్ళీ మొదలుపెట్టాడు. అప్పుడు ఒలివర్ చిక్కులో పడ్డాడు. పని మానేస్తే వీసా షరతు తప్పినట్టే, దేశం వదలాలి. తెర మీదికి వస్తే సమ్మెలో ఉన్న తోటివారి ముఖం ఎలా చూడడం? నటుడిగా కుదిరిన ఒప్పందం కింద తెర మీదికి వచ్చాడు, వచ్చి ఆ ఇరకాటాన్నే హాస్యం చేశాడు. నవ్వు వచ్చేటట్టే చెప్పాడు గాని, ఆ నవ్వు కింద ఉన్న భయం, పై దేశాలలో కొడుకులూ కూతుళ్ళూ ఉన్న మన ఇళ్ళలో ఎవరికీ కొత్త కాదు. ఉద్యోగం పోతే ఇంటద్దె ఎలా అన్నది ఒక దిగులు. ఉద్యోగం పోతే దేశమే ఖాళీ చేయాలన్నది మరో దిగులు.

లండన్లో అమెరికా రాయబార కార్యాలయానికి వీసా పనిమీద పోయినప్పటి సంగతి ఒకటి అతడే చెప్పాడు. కిటికీ అవతల ఉన్న ఉద్యోగిని కాగితాలు చూసి, మా దేశాన్ని అవమానించడానికి నిన్ను మళ్ళీ ఎందుకు రానివ్వాలో ఒక్క కారణం చెప్పమందట. ఇతడికి గుండె ఆగినంత పనయింది. ఆవిడ వెంటనే, సరదాకన్నాను, మీ కార్యక్రమం నాకిష్టం అని ముద్ర వేసిందట. ఆవిడ హాస్యం ఒలివర్ హాస్యంకన్నా ఒక ఆకు ఎక్కువే చదివిందని నా అభిప్రాయం.

2008లోనే మరో చిత్రం జరిగింది. రిపబ్లికను పార్టీ మహాసభలో డైలీ షో కోసం చిత్రం తీస్తూ, పోకూడని చోటికి పోయారు ఒలివర్, అతని బృందం. కాపలావాళ్ళు వెంటపడ్డారు. పట్టుబడితే వీసా గోవిందా! అప్పుడు ఇరాకు యుద్ధంలో పనిచేసి వచ్చిన మాజీ సైనికుల బృందం ఒకటి వాళ్ళను దాచిపెట్టింది. అందులో కేట్ నోర్లీ అనే యువతి ఉంది. యుద్ధంలో సైనికులకు వైద్యసేవ చేసిన మనిషి. 2011లో ఆమే అతని భార్య అయింది. అంతకు ముందే, 2009లో, శాశ్వత నివాసానికి గ్రీన్ కార్డు చేతికి వచ్చింది. ఇలాంటి కథ మన సినిమాలో పెడితే, నమ్మేటట్టు లేదని పత్రికలవాళ్ళు తిట్టిపోస్తారు.

2013 వేసవిలో స్టూవర్టు ఒక సినిమా తీయడానికి సెలవు పెట్టి, ఎనిమిది వారాలపాటు తన కుర్చీ ఒలివర్‌కు అప్పగించాడు. అద్దెకున్నవాడు ఇంటిని సొంతవాడికన్నా శుభ్రంగా ఉంచినట్టయింది. ఆ ఏడాదే హెచ్.బి.ఓ. సంస్థవారు సొంత కార్యక్రమం ఇస్తామని తీసుకుపోయారు. 2014 ఏప్రిల్ 27న "లాస్ట్ వీక్ టునైట్" మొదలయింది. మొదటి రోజునే ఎత్తుకున్న విషయాలలో మన దేశపు ఎన్నికలు ఒకటి. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద ఎన్నికలు జరుగుతుంటే అమెరికా టెలివిజన్‌కు పట్టదేమని దెప్పాడు.

ఆ కార్యక్రమం పద్ధతి కాస్త వివరించాలి. హెచ్.బి.ఓ. చందాలతో నడిచే సంస్థ, మధ్యలో వ్యాపార ప్రకటనలు ఉండవు. కనుక సబ్బుల కంపెనీకి కోపం వస్తుందేమోనన్న బెంగ లేదు. అరగంటలో సగానికి పైగా ఒకే విషయం. అదీ ఎవరూ నవ్వే విషయం కాదు. జైళ్ళు, భీమా కంపెనీలు, కోళ్ళ పెంపకం ఒప్పందాలు, రోడ్ల మరమ్మతులు. వెనక పరిశోధన చేసేవాళ్ళు వారాల తరబడి కాగితాలు తిరగేసి, చెప్పే ప్రతి ముక్కా నిజమో కాదో సరిచూస్తారు. ఆ ఎండుగడ్డి మీద హాస్యం చల్లి వడ్డించడం ఒలివర్ వంతు. అసలు ముక్కను మర్నాడు యూట్యూబులో ఉచితంగా పెట్టేవారు; నా బోటివాళ్ళు చూడగలిగింది అందువల్లనే. మాట వేగం అందక వెనక్కి తిప్పి తిప్పి చూశాను. ఒక హెచ్చరిక కూడా చేయాలి. నోరు మంచిది కాదు. బూతు లేకుండా రెండు నిమిషాలు గడవవు. పిల్లలు పక్కనుండగా పెట్టుకునే కార్యక్రమం కాదు. ఆ బూతులు తీసేసినా హాస్యానికి లోటు రాదన్నది నా నమ్మకం, అమెరికావాళ్ళు ఒప్పుకోరనుకోండి.

2014 జూన్ 1న ఇంటర్నెట్ సంగతి ఎత్తుకున్నాడు. డబ్బిచ్చినవాడి బండిని ముందు పోనిచ్చి, ఇవ్వనివాణ్ణి వెనక నిలబెట్టవచ్చునా అన్నది తగాదా. తీర్పు చెప్పవలసిన ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ అధ్యక్షుడు టామ్ వీలర్, ఒకప్పుడు అవే కంపెనీల తరఫున పైరవీ చేసినవాడు. బిడ్డను చూసుకోమని డింగో అనే ఆస్ట్రేలియా అడవికుక్కకు అప్పగించినట్టుందన్నాడు ఒలివర్. మీ అభిప్రాయాలు కమిషనుకు రాయండి అని ప్రేక్షకులను ఉసికొల్పాడు. మర్నాడు కమిషన్ వెబ్‌సైటు ఆ తాకిడికి చతికిలబడింది. పాపం, వీలర్ తాను డింగోను కానని పత్రికలవాళ్ళ ఎదుట చెప్పుకోవలసి వచ్చింది. 2015 ఫిబ్రవరిలో కమిషన్ మూడు ఓట్లకు రెండు ఓట్లతో అన్ని బళ్ళకూ ఒకే దారి అని నిర్ణయించింది. 2017 డిసెంబరులో కొత్త అధ్యక్షుడి హయాంలో అదే కమిషన్ ఆ నిర్ణయం రద్దు చేసింది. హాస్యగాడు కప్పు చూపించగలడు, కప్పు వేయలేడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది 2016 జూన్‌లో చేసిన పని. అమెరికాలో ఆస్పత్రి బిల్లు కట్టలేనివారి బాకీలను, వసూలు కాని బాకీల కింద కట్ట కట్టి అమ్మేస్తారు. కొన్నవాడు రూపాయి బాకీకి పైసల లెక్కన కొని, పూర్తి రూపాయి కోసం రోగి ప్రాణం తీస్తాడు. కాలదోషం పట్టిన ప్రోనోటు మనకు తెలిసిందే. గడువు దాటితే కోర్టుకెక్కదు. అక్కడ అటువంటి బాకీలు కూడా చేతులు మారుతూనే ఉంటాయి, ఫోన్లు మోగుతూనే ఉంటాయి. దీని మీద ఉపన్యాసం ఇచ్చి ఊరుకోలేదు ఒలివర్. మిస్సిసిపీ రాష్ట్రంలో 50 డాలర్ల రుసుము కట్టి బాకీల కంపెనీ ఒకటి పెట్టాడు. దానికి తానే అధ్యక్షుడు. కొద్ది రోజులకే బేరం వచ్చింది. టెక్సాసులోని సుమారు 9,000 మంది ఆస్పత్రి బాకీలు, మొత్తం దాదాపు ఒక కోటి 50 లక్షల డాలర్లు, 60,000 డాలర్లకు లోపే ఇస్తామన్నారు. వాళ్ళ పేర్లు, చిరునామాలతో సహా జాబితా వచ్చి పడుతుంది. ఎవడు కొంటున్నాడో, ఏం చేస్తాడో అడిగే దిక్కు లేదు. అదే అతడు చూపించదలచుకున్నది. కొని, ఒక ధర్మసంస్థ ద్వారా బాకీలన్నీ మాఫీ చేయించి, తెర మీద పెద్ద ఎర్ర మీట నొక్కాడు. పై నుంచి నోట్లు రాలాయి.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఇలా బాకీలు కొని మాఫీ చేసే పని 2012లోనే "రోలింగ్ జూబిలీ" అనే పేరుతో కొందరు ఉద్యమకారులు మొదలుపెట్టారు. దారి చూపిన తమ పేరు ఎత్తలేదని వారు నొచ్చుకున్నారు. నొచ్చుకోవడం సబబే. టెలివిజన్ వెలుగు ఎవరి మీద పడితే వారే మొదటివారైపోతారు.

కప్పు చూపించినందుకు కర్ర దెబ్బలు కూడా తప్పలేదు. 2017 జూన్‌లో బొగ్గు గనుల మీద చేసిన కార్యక్రమంలో ఒహాయోలోని గనుల యజమాని రాబర్ట్ మర్రీని ఎద్దేవా చేశాడు. ప్రసారానికి ముందే మర్రీ లాయర్ల నుంచి నోటీసు వచ్చింది. ఒలివర్ ఆ నోటీసును కూడా కార్యక్రమంలో కలిపేసుకున్నాడు. కొద్ది రోజుల్లోనే వెస్ట్ వర్జీనియాలో పరువునష్టం దావా పడింది. 2018 ఫిబ్రవరిలో కోర్టు కొట్టివేసింది. పై కోర్టుకు పోయిన మర్రీ 2019లో విరమించుకున్నాడు. గెలిచిన పక్షానికి మిగిలిందేమిటంటే, లాయర్లకు రెండు లక్షల డాలర్లకు పైగా ఖర్చు, మూడింతలైన భీమా చందా. హెచ్.బి.ఓ. కనుక భరించింది. అదే దావా ఏ చిన్న ఊరి పత్రిక మీదో పడితే? నోరు మూయించడానికి వేసే దావాలలో గెలవనక్కరలేదు, లాగితే చాలునన్న సంగతిని 2019 నవంబరులో మరో కార్యక్రమంలో వివరించి, ఆఖరున న్యూయార్కు నడివీధిలో పాటలూ నృత్యాలతో మర్రీని మళ్ళీ వెక్కిరించాడు. అంత గొడవ తరవాత తగ్గుతాడనుకున్నవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

జీతమిచ్చేవాళ్ళను కూడా వదలడు. హెచ్.బి.ఓ.ను 2018లో ఏ.టి. అండ్ టి. అనే టెలిఫోను కంపెనీ కొంటే, మా వ్యాపారపు నాన్నగారంటూ వారం వారం ఆ కంపెనీ టెలిఫోన్లను ఆడిపోసుకున్నాడు. 2020 ఫిబ్రవరిలో ట్రంపు మన దేశం వచ్చే ముందు మన ప్రధాని మీద ఒక కార్యక్రమం చేశాడు. ఇక్కడ దాన్ని ప్రసారం చేయవలసిన హాట్‌స్టార్ చేయలేదు. యూట్యూబులో మాత్రం చూడగలిగినవారు చూశారు. ఆ కార్యక్రమంలో చెప్పినవన్నీ ఒప్పుకునేవారు కొందరు, ఒక పక్కే చూశాడనేవారు కొందరు. కొద్ది రోజులకు ఒలివర్ ఇంకో సంగతి బయట పెట్టాడు. డిస్నీకి చెందిన ఆ సంస్థ అంతకు ముందు డిస్నీ బొమ్మల మీద తాను వేసిన హాస్యాన్ని కూడా కత్తిరించిందట! ప్రధాని సంగతి సరే, బాతుబొమ్మ పరువు కూడా పోకూడదన్నమాట.

సొంత దేశాన్ని మాత్రం విడిచిపెట్టాడా? 2022 అక్టోబరులో మ్యూజియముల మీద మాట్లాడుతూ, ఆఫ్రికాలోని బెనిన్ నుంచి బ్రిటిష్ సైన్యం ఎత్తుకొచ్చిన కంచు శిల్పాల కథ చెప్పాడు. వింటున్నంతసేపూ నాకు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో గాజు అద్దాల వెనక నిలబడి ఉన్న మన అమరావతి స్తూపం రాళ్ళే కళ్ళ ముందు మెదిలాయి. ఆ విషయం ఒక ఇంగ్లీషువాడి నోట రావడంలో ఒక రుచి ఉంది, కాదనను.

2019 డిసెంబరులో ఒలివర్ అమెరికా పౌరుడయ్యాడు. చాప్లిన్ నలభై ఏళ్ళలో పుచ్చుకోని కాగితాన్ని ఇతడు పదమూడేళ్ళలో పుచ్చుకున్నాడు. ఆ తరవాత మాట మెత్తబడిందా అంటే లేదు. 2024 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు న్యాయమూర్తి క్లారెన్స్ థామస్‌కు బహిరంగంగా బేరం పెట్టాడు. ధనికుల కానుకల మీద అప్పటికే విమర్శలు వస్తున్న ఆ న్యాయమూర్తి పదవి వదిలిపెడితే, సొంత జేబులోంచి ఏటా పది లక్షల డాలర్లు, పైన ఒక ఖరీదైన మోటారు ఇల్లు ఇస్తానన్నాడు. గడువు 30 రోజులు. న్యాయమూర్తి ఉలకలేదు, పలకలేదు.

సరదాలు కూడా లేకపోలేదు. 2023లో న్యూజీలండులో పక్షుల ఎన్నిక జరిగితే, పూటెకెటెకె అనే జుట్టున్న నీటిపక్షి తరఫున ప్రచారానికి దిగాడు. ముంబయితో సహా ఎన్నో నగరాల్లో ప్రకటనలు పెట్టించాడు. ఆ పక్షికి 2,90,374 ఓట్లు వచ్చాయి. రెండో స్థానంలో నిలిచిన కివికి 12,904. బయటివాడు వచ్చి ఎన్నిక పాడుచేశాడని న్యూజీలండువాళ్ళు కొందరు గొణిగారు గాని, పక్షుల సంఘానికి చందాలు బాగానే వచ్చాయి.

అదే 2023లో అమెరికా రచయితలు మళ్ళీ సమ్మె కట్టారు. మే 2న మొదలై సెప్టెంబరు 27 దాకా సాగింది. ఈసారి ఒలివర్‌కు వీసా బెంగ లేదు. మరో బెంగ పట్టుకుంది. అప్పుడు తాను జీతం తీసుకునేవాడు, ఇప్పుడు తన కార్యక్రమం మీద ఆధారపడి కెమెరావాళ్ళు, కుట్టుపనివాళ్ళు, గుమాస్తాలు ఉన్నారు. రాత్రి కార్యక్రమాలు నడిపే మరో నలుగురితో, అనగా స్టీఫెన్ కోల్బేర్, జిమ్మీ ఫాలన్, జిమ్మీ కిమ్మెల్, సేత్ మేయర్స్‌తో కలిసి, వినే కార్యక్రమం ఒకటి ఇంటర్నెట్లో మొదలుపెట్టి, దాని మీద వచ్చిన డబ్బు పనిలేక కూర్చున్న తమ సిబ్బందికి ఇచ్చారు. సమ్మె ముగిశాక అక్టోబరు 1న తిరిగి బల్ల వెనక కూర్చున్నాడు. ఆ డిసెంబరులో హెచ్.బి.ఓ. 2026 దాకా ఒప్పందం పొడిగించింది.

ఆ నలుగురిలో ఇద్దరికి 2025లో కష్టం వచ్చింది. కోల్బేర్ కార్యక్రమాన్ని 2026 మే నెలతో ముగిస్తామని సి.బి.ఎస్. సంస్థ జూలైలో ప్రకటించింది. డబ్బు నష్టం వల్లనే అన్నారు, నమ్మినవారు నమ్మారు. సెప్టెంబరులో కిమ్మెల్ చేసిన ఒక వ్యాఖ్య మీద ప్రభుత్వం వైపు నుంచి బెదిరింపులు వస్తే, ఏ.బి.సి. సంస్థ కొద్ది రోజులు అతని కార్యక్రమం ఆపివేసి, గగ్గోలు పుట్టాక తిరిగి పెట్టింది. వారిద్దరూ అమెరికాలో పుట్టి పెరిగినవారు, ఏనాడూ వీసా కిటికీ ముందు నిలబడి ఎరగరు. ఆ ఆదివారం ఒలివర్ తన అరగంటలో ప్రధాన భాగాన్ని కిమ్మెల్ సంగతికే కేటాయించాడు.